నైల్ కిన్నిక్

నైల్ క్లార్క్ కిన్నిక్ జూనియర్ (జూలై 9, 1918 - జూన్ 2, 1943) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ కళాశాల ఫుట్‌బాల్ క్రీడాకారుడు. అయోవా విశ్వవిద్యాలయం తరఫున 1937 నుండి 1939 వరకు ఆడాడు. 1939లో ఆ దేశపు కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైనదిగా పరిగణించే హైస్మన్ ట్రోఫీని గెలుచుకున్నాడు. గాయాలతో సగానికి సగం ఖాళీ అయిన ఒక చిన్న జట్టును బలమైన ప్రత్యర్థుల మీద విజయాల వైపు నడిపించిన ఆటగాడిగా ఇతని పేరు నిలిచిపోయింది. ఆ సంవత్సరం వరుసగా 402 నిమిషాల ఆట సమయం మైదానం వదలకుండా ఆడాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళ విమాన చోదకునిగా శిక్షణ పొందుతూ, విమానం సముద్రంలో దిగిన ప్రమాదంలో 24 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఆట గురించి కొంత

మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో బంతిని తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో పిలిచే ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు, అవసరమైనప్పుడు మాత్రమే తన్నుతారు. బంతి పట్టుకున్నవాడిని ప్రత్యర్థులు మీద పడి కూలదోస్తారు. ఒక్కొక్క జట్టులో 11 మంది. ఆట 60 నిమిషాలు, 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. వీటిని క్వార్టర్లు అంటారు. ప్రత్యర్థి గీత దాటి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆ తరువాత బంతిని గోలుస్తంభాల మధ్యగా తన్నితే మరొక పాయింటు. బంతి గల జట్టును దాని సొంత గీత వెనుకనే నిలువరిస్తే ఎదుటి జట్టుకు 2 పాయింట్లు. దీనిని సేఫ్టీ అంటారు. ముందుకు సాగలేనప్పుడు బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించటాన్ని పంట్ అంటారు.

ఇక్కడ ఒక నియమాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నేటి ఆటలో దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు, తన్నేవాడు మరొకడు. కిన్నిక్ కాలంలో అలా కాదు. మైదానంలో దిగిన 11 మందే దాడి చేయాలి, వారే అడ్డుకోవాలి. ఒక క్వార్టరులో బయటకు వెళ్ళినవాడు మళ్ళీ అదే క్వార్టరులో లోపలికి రావటానికి వీలు లేదు. అందువలన కొద్దిపాటి దెబ్బ తగిలినా ఆటగాడు పంటి బిగువున నిలబడటానికే చూసేవాడు; శిక్షకుడు కూడా అతడిని బయటకు పిలవటానికి వెనుకాడేవాడు. శిరస్త్రాణం ధరించటం కళాశాలల ఆటలో తప్పనిసరి అయినది 1939లోనే. అప్పటి శిరస్త్రాణాలు ఎక్కువగా తోలుతో చేసినవి, ముఖానికి రక్షణ ఉండేది కాదు.

ఈ ఆట దేహాన్ని ఎంత నలగగొడుతుందో అమెరికన్లకు అప్పటికే తెలియనిది కాదు. 1905లో ఒక్క ఏడాదిలోనే సుమారు 18 మంది ఆడుతూ మరణించగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ప్రధాన కళాశాలల వారిని శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. ఆ కలవరం నుండే 1906లో బంతిని ముందుకు విసరటానికి అనుమతి, తరువాత ఎన్‌సీఏఏగా మారిన సంస్థ పుట్టుకొచ్చాయి. అయోవా రాష్ట్రానికి ఈ విషయంలో తనదైన చేదు అనుభవం ఉంది. 1923 అక్టోబరులో అయోవా స్టేట్ కళాశాల జట్టులోని నల్లజాతి యువకుడు జాక్ ట్రైస్ మిన్నెసోటాతో జరిగిన ఆటలో తగిలిన దెబ్బలతో రెండు రోజులకు మరణించాడు. 1934లో అదే మిన్నెసోటాతో ఆడుతూ అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఓజీ సిమన్స్ అనే మరొక నల్లజాతి ఆటగాడు తీవ్రంగా దెబ్బలు తిని బయటకు రావలసి వచ్చింది. దానిపై రేగిన ఆగ్రహాన్ని చల్లార్చటానికే 1935లో రెండు రాష్ట్రాల గవర్నర్లు ఒక పందిని పందెంగా పెట్టుకున్నారు. ఆ పంది పేరుతో వెలసిన ఫ్లాయిడ్ ఆఫ్ రోజ్‌డేల్ ట్రోఫీ కోసం ఆ రెండు విశ్వవిద్యాలయాలు నేటికీ తలపడుతున్నాయి.

బాల్యము, కుటుంబము

కిన్నిక్ అయోవా రాష్ట్రంలోని అడెల్ అనే చిన్న పట్టణంలో 1918 జూలై 9న జన్మించాడు. తండ్రి నైల్ కిన్నిక్ సీనియర్, తల్లి ఫ్రాన్సెస్. తల్లి తండ్రి జార్జి క్లార్క్ 1913 నుండి 1917 వరకు అయోవా రాష్ట్ర గవర్నరుగా పనిచేశాడు. ముగ్గురు అన్నదమ్ములలో నైల్ పెద్దవాడు. బెన్, జార్జి తమ్ముళ్ళు. తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ అనే మత శాఖను అనుసరించేవారు. రోగాన్ని ప్రార్థన ద్వారా నయం చేసుకోవాలని, వైద్యం మీద ఆధారపడరాదని ఆ శాఖ బోధిస్తుంది. ఇది ఇతని క్రీడాజీవితంలో ఒక ముఖ్యమైన మలుపుకు కారణమయింది కాబట్టి గుర్తుంచుకోవాలి.

చిన్ననాట ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా బాగా ఆడేవాడు. పొరుగున ఉన్న వాన్ మీటర్ గ్రామానికి చెందిన బాబ్ ఫెల్లర్, తరువాతి కాలంలో బేస్‌బాల్‌లో మహా బౌలరుగా పేరుపొందినవాడు (ఆ ఆటలో బంతి విసిరేవాడిని పిచర్ అంటారు), బాలుర జట్టులో విసిరిన బంతులను పట్టినవాడు కిన్నిక్. 1930లలోని ఆర్థిక మాంద్యం ఈ కుటుంబాన్ని కూడా తాకింది. తండ్రి ఉద్యోగ రీత్యా వారు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరానికి తరలివెళ్ళారు. అక్కడి బెన్సన్ ఉన్నత పాఠశాలలో కిన్నిక్ చదువు పూర్తి చేశాడు.

ఇతడు భారీకాయుడు కాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు సుమారు 77 కిలోలు. పరుగులో కూడా మహావేగం కలవాడని ఎవరూ చెప్పలేదు. బంతిని విసరటంలో, తన్నటంలో గురి, ఎదుటివాడు ఏమి చేయబోతున్నాడో ముందుగా పసిగట్టటం ఇతని బలాలు. అప్పట్లో దేశంలోనే అగ్రస్థానంలో ఉన్న మిన్నెసోటా జట్టు శిక్షకుడు బెర్నీ బియర్మన్ ఇతనిపై ఆసక్తి చూపలేదని చెబుతారు. చివరకు 1936లో అయోవా నగరంలోని అయోవా విశ్వవిద్యాలయంలో చేరాడు.

విశ్వవిద్యాలయంలో తొలి సంవత్సరాలు

అయోవా జట్టు పరిస్థితి అప్పటికి దయనీయంగా ఉంది. ఆటగాళ్ళకు చాటుగా డబ్బు ముట్టజెప్పారన్న ఆరోపణపై 1929లో బిగ్ టెన్ సంఘం ఈ విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం వెలివేసింది. అదే ఏడాది పెద్ద కొత్త స్టేడియం తెరిచారు. వెనువెంటనే మాంద్యం వచ్చిపడింది. మంచి ఆటగాళ్ళు రావటం తగ్గిపోయి, 1930లలో ఎక్కువ భాగం ఓటములతోనే గడిచింది.

మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదన్న నియమం వలన కిన్నిక్ 1937లో రంగప్రవేశం చేశాడు. శిక్షకుడు ఇర్ల్ టబ్స్. ఆ ఏడాది 8 ఆటలలో అయోవా ఒక్కటి మాత్రమే గెలిచింది. అయినా కిన్నిక్ ఆటతీరు అందరి దృష్టిలో పడి, బిగ్ టెన్ మేటి జట్టులో చోటు దక్కింది. ఆ శీతకాలంలో బాస్కెట్‌బాల్ జట్టులోనూ ఆడాడు గాని తరువాత చదువు కోసం దానిని మానుకున్నాడు.

1938లో ఆటలు మొదలయ్యే సమయానికి ఇతని చీలమండకు గాయమయింది. మత విశ్వాసం కారణంగా వైద్యుల చికిత్సకు ఒప్పుకోలేదు. ఆ గాయం ఎంత తీవ్రమైనదో అందువలన బయటపడలేదు కూడా. కుంటుతూనే ఆ కాలమంతా ఆడాడు. పరుగు మందగించింది, తన్నటంలో పదును పోయింది. జట్టు ఒక ఆట గెలిచి, ఒకటి సమం చేసుకుని, ఆరు ఓడిపోయింది. టబ్స్ ఉద్యోగం పోయింది. కిన్నిక్‌ను గురించి అంతకు ముందు ఏడాది రాసిన పత్రికలే ఇక పట్టించుకోవటం మానేశాయి. ఒక ఆటగాడి ఒక్క కీలు దెబ్బతింటే అతని మీద ఆధారపడిన జట్టు ఎలా కూలుతుందో చెప్పటానికి ఆ 1938 సంవత్సరమే చాలు.

కొత్త శిక్షకుడు

1939కి గాను డాక్టర్ ఎడ్డీ ఆండర్సన్ శిక్షకుడుగా వచ్చాడు. ఈయన వృత్తిరీత్యా వైద్యుడు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ శిక్షకుడు న్యూట్ రాక్నీ శిష్యుడు, 1921లో ఆ జట్టు నాయకుడు. ఆ ఏడాది నోటర్ డేమ్ ఓడిన ఏకైక ఆట అయోవా చేతిలోనే కావటం ఒక విచిత్రం. తరువాత హోలీ క్రాస్ కళాశాలలో ఆరేళ్ళు మంచి ఫలితాలు సాధించాడు. అయోవాలో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వైద్యవృత్తిని కొనసాగిస్తూనే మైదానంలో శిక్షణ ఇచ్చాడు.

వైద్యుడే అయినా శిక్షణలో మాత్రం ఆండర్సన్ కఠినుడు. వసంతకాలపు అభ్యాసాలు, ఆగస్టు, సెప్టెంబరులలోని అభ్యాసాలు తట్టుకోలేక చాలామంది తప్పుకున్నారు. మిగిలినవారు ఆరోగ్యంగా, బలంగా తయారయ్యారు గాని సంఖ్యలో తక్కువ. బిగ్ టెన్‌లోని పెద్ద జట్లకు ప్రతి స్థానానికీ ఇద్దరు ముగ్గురు సమర్థులు ఉండగా అయోవాకు చాలా స్థానాలలో ఒక్కడే దిక్కు. జట్టు నాయకుడు ఎర్విన్ ప్రాసీ. ముందువరుసలో మైక్ ఎనిచ్, వాలీ బెర్గ్‌స్ట్రామ్ ప్రభృతులు. ఎత్తులు నిర్ణయించే క్వార్టర్‌బాక్ స్థానంలో రెండవ సంవత్సరం విద్యార్థి ఆల్ కూపీ. కిన్నిక్ ఎడమ హాఫ్‌బాక్. బంతి విసరటం, మోయటం, పంట్ కొట్టటం, పాయింటు కోసం తన్నటం, ప్రత్యర్థి విసిరిన బంతిని అడ్డుకోవటం అన్నీ ఇతని పనులే. చీలమండ ఈసారి బాగుపడింది.

1939: ఉక్కు మనుషులు

ఆ ఏడాది అయోవా ఆడినవి 8 ఆటలు. సెప్టెంబరు 30న సౌత్ డకోటాపై 41-0 తేడాతో సునాయాసంగా గెలిచింది. అసలు పరీక్ష అక్టోబరు 7న ఇండియానాతో మొదలయింది. ఆట ముగియవచ్చే వేళ అయోవా 26-29తో వెనుకబడి ఉంది. ఇండియానా గీతకు చేరువలో ఉన్న అయోవాకు మిగిలినది ఒకే ప్రయత్నం. బంతిని తన్ని 3 పాయింట్లు తెచ్చుకుంటే స్కోరు సమమవుతుంది. అలా చేయకుండా కిన్నిక్ ప్రాసీకి బంతి విసిరాడు, టచ్‌డౌన్ అయింది, 32-29తో గెలిచారు. ఆ ఆటలో ప్రాసీ అందుకున్న మూడవ టచ్‌డౌన్ అది. ఇండియానాపై అయోవా గెలుపు 1921 తరువాత అదే మొదటిది.

వారం తిరిగేసరికి మిషిగన్ నగరం ఆన్ ఆర్బర్‌లో 7-27తో ఓడిపోయారు. మిషిగన్ సాధించిన 27 పాయింట్లూ టామ్ హార్మన్ అనే ఒక్క ఆటగాడివే. ఆ తరువాత అక్టోబరు 21 శనివారం అయోవాకు ఆట లేదు. ఆ ఏడాది వారికి దొరికిన విరామం అదొక్కటే. (సరిగ్గా ఆ శనివారమే మిషిగన్ వెళ్ళి షికాగో విశ్వవిద్యాలయాన్ని 85-0తో ఓడించింది. మొట్టమొదటి హైస్మన్ విజేతను 1935లో అందించిన షికాగో, 1939 ముగిసేలోగా ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసుకుంది. ఆటగాళ్ళు చాలని జట్టు పెద్ద జట్ల మధ్య చిక్కుకుంటే ఏమవుతుందో అది మరొక ఉదాహరణ.)

ఇక అక్టోబరు 28 నుండి నవంబరు 25 వరకు వరుసగా ఐదు శనివారాలు ఐదు ఆటలు. వాటిలో మూడు పరాయి ఊళ్ళలో. శనివారం తగిలిన దెబ్బ సోమ, మంగళవారాలకు వాచి, బుధవారానికి కాస్త తగ్గుతుందనగానే మళ్ళీ అభ్యాసం, ప్రయాణం, ఆట. కండరం చిట్లినా, కీలు బెణికినా మానటానికి ఆరు రోజులు చాలవు. పూర్తిగా మానని చోటనే మళ్ళీ దెబ్బ తగిలితే, అది గోరుచుట్టు మీద రోకటి పోటు. ఒకడు కూలితే అతని భారం పక్కవాడి మీద పడుతుంది. అలసినవాడు ఆలస్యంగా కదులుతాడు, ఆలస్యంగా కదిలినవాడికే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. పెద్ద జట్టుకు ఈ గొలుసును బదులు ఆటగాళ్ళు తెంచుతారు. అయోవాకు ఆ అవకాశం లేదు.

విస్కాన్సిన్‌పై 19-13తో గెలిచినా గాయపడినవారి సంఖ్య పెరిగింది. తరువాతి వారం పర్డ్యూతో ఆటకు వెళ్ళేసరికి ఆడదగినవారు కొద్దిమందే మిగిలారు. మైదానంలో దిగినవారిలో చాలామంది 60 నిమిషాలూ బయటకు రాలేదు. ఆ ఆటలో ఎవరూ టచ్‌డౌన్ చేయలేకపోయారు. ఎనిచ్ పంట్‌లను అడ్డుకోగా వచ్చిన రెండు సేఫ్టీలతో అయోవా 4-0తో గెలిచింది. ఫుట్‌బాల్‌లో ఇంతకంటే అరుదైన స్కోరు కనబడటం కష్టం. ఈ రోజులలోనే ఈ జట్టుకు ఉక్కు మనుషులు అన్న అర్థం వచ్చే ఐరన్‌మెన్ అనే పేరు స్థిరపడింది.

నవంబరు 11న అయోవా నగరానికి నోటర్ డేమ్ వచ్చింది. అప్పటికి ఒక్క ఆట కూడా ఓడని జట్టు. ఆండర్సన్‌కు తాను నాయకత్వం వహించిన పాత జట్టు. మొదటి అర్ధభాగం చివరలో నోటర్ డేమ్ ఆటగాడు తన గీత దగ్గర బంతిని జారవిడువగా అయోవా దక్కించుకుంది. కూపీ మామూలు అమరికను మార్చి కిన్నిక్‌ను కుడివైపుకు పంపాడు. కిన్నిక్ గీతను ఛేదించి టచ్‌డౌన్ చేసి, వెంటనే బంతిని నేలకు తాకించి తన్నే డ్రాప్‌కిక్ పద్ధతిలో ఏడవ పాయింటు కూడా తెచ్చాడు. రెండవ భాగంలో నోటర్ డేమ్ టచ్‌డౌన్ చేసింది గాని అదనపు పాయింటు తన్నటంలో విఫలమయింది. స్కోరు 7-6.

ఆ ఒక్క పాయింటును కాపాడినది కిన్నిక్ కాలు అనటం అతిశయోక్తి కాదు. ఆ రోజు 16 సార్లు పంట్ కొట్టి మొత్తం 731 గజాల దూరం తన్నాడు. అంటే సగటున ఒక్కొక్కటి 45 గజాలకు పైమాటే. ఆట చివరి నిమిషాలలో కొట్టిన ఒకటి 63 గజాలు వెళ్ళి నోటర్ డేమ్‌ను దాని గీతకు అతి సమీపానికి నెట్టివేసింది. ముందుకు నడిచే శక్తి లేని జట్టు పంట్‌లతోనే యుద్ధం చేసిందన్నమాట.

నవంబరు 18న మిన్నెసోటాతో ఆట. 1934, 1935, 1936 సంవత్సరాలలో జాతీయ విజేతగా నిలిచిన జట్టు, కిన్నిక్‌ను వద్దనుకున్న బియర్మన్ జట్టు. మూడు క్వార్టర్లు ముగిసేసరికి అయోవా 0-9తో వెనుకబడింది. అలసిన జట్టు అక్కడితో చేతులెత్తేస్తుందని అనుకోవటం సహజం. నాలుగవ క్వార్టరులో కిన్నిక్ మొదట ప్రాసీకి, తరువాత బిల్ గ్రీన్‌కు బంతి విసిరి రెండు టచ్‌డౌన్లు సాధించాడు. 13-9తో గెలిచి, పంది బొమ్మ ట్రోఫీని అయోవా మొదటిసారి ఇంటికి తెచ్చుకుంది. మిన్నెసోటాను అయోవా ఓడించటం 1929 తరువాత అదే.

చివరి ఆట నవంబరు 25న ఇవాన్‌స్టన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో. మూడవ క్వార్టరులో కిన్నిక్ భుజం కీలు తప్పింది. ఇండియానా ఆట మొదటి నిమిషం నుండి ఆ క్షణం వరకు అతడు బయటకు రాలేదు. ఆరు పూర్తి ఆటలకు 360 నిమిషాలు, ఏడవ ఆటలో 42 నిమిషాలు, మొత్తం 402. ఆడవలసిన 420 నిమిషాలలో తక్కువైనవి 18 మాత్రమే. ఆట 7-7తో సమంగా ముగిసింది. అదే రోజున మిషిగన్ చేతిలో ఒహాయో స్టేట్ ఓడిపోయింది. కాబట్టి అయోవా గెలిచి ఉంటే బిగ్ టెన్ విజేత స్థానాన్ని ఒహాయో స్టేట్‌తో పంచుకునేది. రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మొత్తం మీద 6 గెలుపులు, 1 ఓటమి, 1 సమం. అసోసియేటెడ్ ప్రెస్ జాబితాలో జాతీయంగా 9వ స్థానం.

ఆ సంవత్సరం అయోవా చేసిన 19 టచ్‌డౌన్లలో 16 కిన్నిక్ చేసినవో, అతడు విసిరిన బంతితో వచ్చినవో. జట్టు మొత్తం పాయింట్లు 130 కాగా వాటిలో 107లో అతని చేయి లేదా కాలు ఉంది. కేవలం 31 సఫలమైన విసుర్లలో 11 టచ్‌డౌన్లు రావటం, ఎదుటివారి విసుర్లు 8 మధ్యలో పట్టుకోవటం కూడా లెక్కకు వస్తాయి. ఈ అంకెలు చూసి కిన్నిక్ ఒక్కడే జట్టును మోశాడనుకోవటం పొరపాటు. పర్డ్యూపై గెలిచిన 4 పాయింట్లలో అతనివి సున్నా. నోటర్ డేమ్ గీతను ఛేదించినప్పుడు ముందువరుస దారి చేయకపోతే 77 కిలోల మనిషి వెళ్ళగలిగేవాడు కాడు.

పురస్కారాలు

1939 డిసెంబరులో న్యూయార్కులోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ కిన్నిక్‌కు హైస్మన్ ట్రోఫీని ప్రదానం చేసింది. ఓట్లలో రెండవ స్థానం టామ్ హార్మన్‌కు దక్కింది. మాక్స్‌వెల్ అవార్డు, వాల్టర్ కాంప్ ట్రోఫీ కూడా ఇతనికే వచ్చాయి. అసోసియేటెడ్ ప్రెస్ ఆ సంవత్సరపు ఉత్తమ పురుష క్రీడాకారుడిగా ఎన్నుకున్నది. బేస్‌బాల్ వీరుడు జో డిమాజియో, ముష్టియోధుడు జో లూయిస్ వంటివారిని దాటి ఒక కళాశాల విద్యార్థి ఆ గౌరవం పొందటం విశేషం.

హైస్మన్ సభలో ఇతడు చేసిన చిన్న ప్రసంగం ఆటకంటే ఎక్కువగా గుర్తుండిపోయింది. తన సహచరులకు, శిక్షకులకు ఆ గౌరవం చెందుతుందని చెప్పి, ఐరోపా యుద్ధభూములలో కాక అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు ఆటస్థలాలలో పుట్టిపెరిగినందుకు దైవానికి కృతజ్ఞత తెలిపాడు. అప్పటికి ఐరోపాలో యుద్ధం మొదలై మూడు నెలలు.

ఆట తరువాత

బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టు 1940లో ఇతనిని ఎంపిక చేసుకున్నది. ఆ రోజులలో 10,000 డాలర్ల వరకు ఇవ్వచూపినట్లు చెబుతారు. కిన్నిక్ దానిని తిరస్కరించి న్యాయశాస్త్ర విద్యలో చేరాడు. డిగ్రీ తరగతిలో విద్యార్థుల అధ్యక్షుడు, ఫై బీటా కప్పా అనే ప్రతిభావంతుల సంఘంలో సభ్యుడు కూడా. న్యాయశాస్త్రం చదువుతూ అయోవా జట్టులో చిన్నవారికి శిక్షణ ఇచ్చాడు. 1940 అధ్యక్ష ఎన్నికలలో రిపబ్లికన్ అభ్యర్థి వెండెల్ విల్కీని ఒక సభలో ప్రజలకు పరిచయం చేశాడు. తాతగారి బాటలో రాజకీయాలలోకి వెళతాడని చాలామంది భావించారు. కిన్నిక్ లేని 1940లో అయోవా నాలుగు గెలిచి నాలుగు ఓడింది.

డైరీలోనూ ఇంటికి రాసిన ఉత్తరాలలోనూ చదివిన పుస్తకాలు, విన్న ప్రసంగాలు, దక్షిణాది రాష్ట్రాలలో చూసిన వర్ణవివక్ష పట్ల బాధ కనిపిస్తాయి. వీటిని పాల్ బేండర్ సంపాదకత్వంలో అయోవా విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1991లో ఎ హీరో పెరిష్డ్ పేరుతో ప్రచురించింది. ఇతని స్వభావం తెలుసుకోగోరేవారికి ఆటల లెక్కల కంటే ఈ పుస్తకమే మేలు.

మరణము

నౌకాదళ విమాన విభాగంలో చేరటానికి కిన్నిక్ 1941 డిసెంబరు 4న హాజరయ్యాడు. మూడు రోజులకే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. శిక్షణ ముగించి ఎన్‌సైన్ హోదాలో కొత్త విమానవాహక నౌక లెక్సింగ్టన్‌కు వెళ్ళాడు. ఆ నౌక వెనిజులా తీరాన పారియా సింధుశాఖలో పరీక్షా ప్రయాణంలో ఉండగా 1943 జూన్ 2న వైల్డ్‌కాట్ యుద్ధవిమానంలో శిక్షణకై ఎగిరాడు. కొంతసేపటికి విమానం నుండి నూనె కారటం మొదలయింది. నౌక పైభాగం ఎగరటానికి సిద్ధంగా ఉన్న ఇతర విమానాలతో నిండి ఉంది. అక్కడ దిగితే వారికి ప్రమాదమని, నౌకకు సుమారు 4 మైళ్ళ దూరంలో నీటి మీద విమానాన్ని దించాడు. వెంట ఉన్న మరొక చోదకుడు పైనుండి ఇతనిని నీటిలో చూశాడు. దాదాపు 8 నిమిషాలకు రక్షణ పడవ చేరేసరికి నీటిపై నూనె తెట్టు తప్ప ఏమీ లేదు. శరీరం దొరకలేదు. హైస్మన్ విజేతలలో మొదట మరణించినవాడు ఇతడే. తమ్ముడు బెన్ కూడా బాంబర్ విమాన చోదకుడిగా 1944లో పసిఫిక్ రంగంలో మరణించాడు.

నియమాలలో మార్పులు

కిన్నిక్ ఆడిన తీరులో ఇక ఎవరూ ఆడే అవకాశం లేదు. 1941లో ఆటగాళ్ళను ఎప్పుడైనా మార్చుకోవచ్చునని నియమం సడలించారు. 1945లో మిషిగన్ శిక్షకుడు ఫ్రిట్జ్ క్రిస్లర్ దాడికి ఒక బృందాన్ని, రక్షణకు మరొక బృందాన్ని దింపి దారి చూపాడు. ఖర్చు పెరిగిందని 1953లో పాత పద్ధతికి మళ్ళినా, 1960ల మధ్యకాలానికి రెండు బృందాల పద్ధతి శాశ్వతమయింది.

అంతమాత్రాన భారం తగ్గలేదు. మరొక వైపు నుండి పెరిగింది. 1939లో అయోవా ఆడినవి 8 ఆటలు. 2006 నుండి పెద్ద జట్లకు మామూలు ఆటలే 12. జాతీయ విజేతను తేల్చే పోటీని 2024లో 12 జట్లకు విస్తరించగా, ఆ సంవత్సరపు విజేత ఒహాయో స్టేట్ మొత్తం 16 ఆటలు ఆడింది, అంటే ఉక్కు మనుషులు ఆడినదానికి సరిగ్గా రెట్టింపు. 2024 నాటికి బిగ్ టెన్ 18 విశ్వవిద్యాలయాల సంఘమై పసిఫిక్ తీరం వరకు వ్యాపించింది. 2025 నుండి ఒక్కొక్క జట్టులో 105 మంది వరకు ఉండవచ్చు. ఆటగాళ్ళు బరువులోనూ వేగంలోనూ పాతవారికంటే చాలా ఎక్కువ కాబట్టి ఒక్కొక్క ఢీకొనటం కూడా ఎక్కువ బలంగా ఉంటుంది. 60 నిమిషాలూ ఆడిన నాటివారి అలసటను, 16 ఆటలు ఆడే నేటివారి అలసటను ఒకే త్రాసులో తూచటం న్యాయం కాదు.

స్మారకాలు

1951లో కళాశాల ఫుట్‌బాల్ గౌరవ మందిరంలోకి ఎన్నుకున్న మొదటి బృందంలో కిన్నిక్ ఉన్నాడు. ఇతడు ధరించిన 24వ సంఖ్యను అయోవా మరెవరికీ ఇవ్వదు. స్టేడియానికి ఇతని పేరు పెట్టాలన్న ఆలోచన యుద్ధం ముగిసిన రోజులలోనే వచ్చింది గాని, ప్రాణాలర్పించిన ఎందరో యువకులలో తన కుమారుడిని ఒక్కడినే వేరుచేసి గౌరవించటానికి తండ్రి ఇష్టపడలేదు. సెడార్ రాపిడ్స్ పత్రికా రచయిత గస్ ష్రేడర్ పట్టుదల వలన 1972లో అది కిన్నిక్ స్టేడియం అయింది. 2006లో దాని ముందు కంచు విగ్రహం నెలకొల్పారు. అందులో కిన్నిక్ ఆట దుస్తులలో కాక, పుస్తకాలు పట్టుకున్న విద్యార్థిగా కనిపిస్తాడు. అదే రాష్ట్రంలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ స్టేడియానికి 1997 నుండి జాక్ ట్రైస్ పేరు ఉన్నది.

జపాన్‌ను అమెరికా సైన్యం ఆక్రమించి ఉన్న కాలంలో టోక్యోలోని మెయిజీ మందిర ఉద్యానపు క్రీడాస్థలాన్ని నైల్ కిన్నిక్ స్టేడియమని పిలిచారు. 1952లో అది తిరిగి జపనీయుల వశమయింది. తరువాత దాని స్థానంలో 1958లో జాతీయ స్టేడియం నిర్మించారు. యోకోసుకాలోని అమెరికా నౌకాదళ స్థావరంలో ఉన్న ఉన్నత పాఠశాల మాత్రం నేటికీ ఇతని పేరుతోనే నడుస్తున్నది.